ఫ్రెంచిలో "పార్లే" ఎక్కడ, "దీర్" ఎక్కడ? మాట్లాడటానికి సంబంధించిన క్రియ గురించి ఒక సందేహం

ప్రశ్న: హైదరాబాద్ నుంచి ఒక విద్యార్థిని

నమస్కారం. నేను ఫ్రెంచి నేర్చుకుంటూ డెల్ఫ్ పరీక్షలో బీ-1 స్థాయికి సిద్ధమవుతున్నాను. ఫ్రెంచి మొదలుపెట్టిన ప్రతివారికీ తొలి పాఠాల్లోనే ఎదురయ్యే క్రియ పార్లే. "మాట్లాడు" అని దానికి అర్థం రాసుకుని, రూపాలన్నీ వల్లె వేసి ముందుకు వెళ్ళిపోతాం. పాఠాలు సాగేకొద్దీ అదే క్రియ ఒక్కో వాక్యంలో ఒక్కో తీరుగా కనిపిస్తోంది. "ఇల్ పార్ల్ ఆ సా మేర్", "ఇల్ పార్ల్ అవెక్ సా మేర్", "ఇల్ పార్ల్ ద సా మేర్" అనే మూడు వాక్యాలు మా పుస్తకంలో ఒకే పేజీలో ఉన్నాయి. మూడింటిలోనూ అతనూ, వాళ్ళమ్మా, మాట్లాడటమూ ఉన్నాయి. తేడా అంతా మధ్యలో ఉన్న చిన్న మాటది. ఆ పక్కనే "ఇల్ పార్ల్ ఫ్రాఁసె" అంటూ అలాంటి చిన్న మాట ఏదీ లేని వాక్యం ఇంకొకటి ఉంది.

రెండో చిక్కు దీర్ అనే క్రియతో వచ్చింది. పుస్తకం ఇంగ్లీషులో ఉంది కాబట్టి పార్లేకు "స్పీక్, టాక్" అనీ, దీర్‌కు "సే, టెల్" అనీ అర్థాలు ఇచ్చారు. ఆ నాలుగు ఇంగ్లీషు మాటల మధ్య తేడానే ముందు తేల్చుకుని, దాని మీదుగా ఫ్రెంచి తేడాను పట్టుకోవలసి రావడం చాలా ఇబ్బందిగా ఉంది.

మూడోది, ఫ్రెంచి సంభాషణలు వింటున్నప్పుడు ఎవరో ఏదో చెప్పగానే ఎదుటివారు "త్యు పార్ల్!" అని మాత్రం అని ఊరుకుంటారు. అక్షరాలా చూస్తే "నువ్వు మాట్లాడుతున్నావు" అని. సందర్భంలో ఆ అర్థం ఎక్కడా కుదరడం లేదు.

తెలుగు మాతృభాషగా ఉన్నవారికి పట్టుబడేలా ఎవరైనా వివరించగలరా? ముక్కుతో పలికే అచ్చులను అరసున్నతో చూపించాను. జవాబిచ్చేవారు కూడా అదే పద్ధతి పాటిస్తే నాకు చదువుకోవడం తేలికవుతుంది.

జవాబు: విశాఖపట్నంలో ఫ్రెంచి బోధించే అధ్యాపకుడు

ముందుగా ఆ ఇంగ్లీషు మాటలు నాలుగింటినీ పక్కన పెట్టండి అమ్మా. ఈ విషయంలో ఫ్రెంచికి ఇంగ్లీషు కంటే తెలుగే దగ్గర. మన భాషలో "మాట్లాడు" వేరు, "చెప్పు" వేరు, "అను" వేరు. చదువురాని మనిషి కూడా వీటిని ఒకదానికి బదులు ఇంకొకటి వాడడు. "రేపు వస్తానని చెప్పాడు" అంటాం, "రేపు వస్తానన్నాడు" అంటాం. "రేపు వస్తానని మాట్లాడాడు" అని ఎవరూ అనరు. ఎందుకంటే "మాట్లాడు" అనేది నోరు విప్పి మాటలు సాగించే పనిని సూచిస్తుంది. ఏం చెప్పాడన్న విషయాన్ని తన వెంట తీసుకురాదు. పార్లే కూడా సరిగ్గా అంతే. "ఇల్ ది క…" అని దీర్ తర్వాత "క" అనే అనుసంధానం పెట్టి ఒక పూర్తి వాక్యాన్ని చేర్చవచ్చు. ఈ "క" మన "అని"కి సమానం. పార్లే తర్వాత ఆ "క" రానే రాదు. "అని" పట్టే చోట దీర్, పట్టని చోట పార్లే అని గుర్తు పెట్టుకుంటే మీ రెండో ప్రశ్న చాలావరకు తీరిపోతుంది.

దీర్ ఒక్కటే మన "చెప్పు", "అను" రెండింటి పనినీ చేస్తుంది. "తెలుగులో దీన్ని ఏమంటారు?" అని అడగాలంటే పార్లే పనికిరాదు, "కొమాఁ దితోఁ సా ఆఁ తెలుగు?" అనాలి. "అంటే ఏమిటి?" అన్నదానికి "కెస్ క సా వ దీర్?" అంటారు. అక్షరాలా "ఇది ఏం చెప్పదలుచుకుంది?" అని. "వాన పడుతుందంటున్నారు" అన్నచోట "ఓఁ ది క…" వస్తుంది. ఇక కథ చెప్పడానికి, జరిగిన సంగతి మొదటినుంచి పూసగుచ్చినట్టు చెప్పడానికి రాకోఁతే అని మూడో క్రియ ఉంది. అక్కడ పార్లే అసలు రాదు, దీర్ అన్నా వెలితిగానే ఉంటుంది.

ఈ తేడా మొత్తం ఒక్క ఫ్రెంచి నానుడిలో కనిపిస్తుంది: "పార్లే పుర్ న ర్యాఁ దీర్". గంటసేపు మాట్లాడి ఏమీ చెప్పని మనిషి గురించి అంటారు. ముందున్న పార్లే నోటి పని, చివరనున్న దీర్ ఆ పని వల్ల బయటికి రావలసిన విషయం. మొదటిది ఉండి రెండోది లేకపోవడం సాధ్యమేనని ఆ భాషే చెబుతోంది. విద్యార్థులకు ఈ రెండు క్రియల పాఠం నేను ఈ వాక్యంతోనే మొదలుపెడతాను.

ఇప్పుడు చిన్న మాటల సంగతి. "పార్లే ద" అంటే ఒకరి గురించి, ఒకదాని గురించి మాట్లాడటం. కాబట్టి "ఇల్ పార్ల్ ద సా మేర్" అంటే వాళ్ళమ్మ గురించి మాట్లాడుతున్నాడు. ఆమె ఆ గదిలో ఉండనక్కరలేదు. "పార్లే ఆ" అంటే ఒకరిని ఉద్దేశించి మాట్లాడటం. "పార్లే అవెక్" అంటే ఒకరితో కలిసి మాటలు సాగించడం, అంటే రెండువైపుల నుంచీ మాట ఉందన్న ధ్వని దానిలో ఉంటుంది. తెలుగువారు తడబడేది ఇక్కడే. మనం రెండింటికీ "తో" అనే విభక్తినే వాడతాం. "అమ్మతో మాట్లాడాడు" అంటే ఉద్దేశించి మాట్లాడటమూ అవుతుంది, ముచ్చటించడమూ అవుతుంది. "తో" అనగానే "అవెక్" గుర్తుకు వచ్చి, మనవాళ్ళు ప్రతిచోటా "అవెక్" పెడతారు. అది వ్యాకరణపరంగా తప్పేమీ కాదు, కాని ఫ్రెంచివారు మామూలుగా వాడేది "ఆ". ఫోన్ చేసి ఫలానావారితో మాట్లాడాలని అడిగేటప్పుడు "జ వుద్రె పార్లే ఆ…" అంటారు. నీతో మాట్లాడాలి అనేందుకు "ఇల్ ఫో క జ త పార్ల్" అంటారు. అందువల్ల అలవాటుగా "ఆ" పెట్టండి. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారని ప్రత్యేకంగా చెప్పాలనుకున్నప్పుడు "అవెక్" పెట్టండి.

సర్వనామాలు వచ్చినప్పుడు ఈ తేడా మరీ ముఖ్యమవుతుంది. "పార్లే ఆ" ఉన్నచోట మనిషి పేరు బదులు "ల్యుయి" వచ్చి క్రియకు ముందు చేరుతుంది: "జ ల్యుయి పార్ల్", అంటే ఆమెతో లేదా అతనితో మాట్లాడుతున్నాను. "పార్లే ద" ఉన్నచోట వస్తువైతే "ఆఁ" వచ్చి ముందు చేరుతుంది: "జాఁ పార్ల్", దాని గురించి మాట్లాడుతున్నాను. మనిషైతే మామూలుగా "జ పార్ల్ దెల్" అని క్రియ తర్వాతే ఉంటుంది. రెండూ కలిస్తే "జ ల్యుయి ఆఁ పార్ల్", అంటే ఆ విషయం గురించి ఆమెతో మాట్లాడుతున్నాను. "నేను మాట్లాడుతున్న పుస్తకం" అన్నచోట "ద" ఉంది కాబట్టి "ల లీవ్ర్ దోఁ జ పార్ల్" అవుతుంది. "నేను మాట్లాడుతున్న ఆవిడ" అన్నచోట "ఆ" ఉంది కాబట్టి "లా ఫామ్ ఆ కి జ పార్ల్" అవుతుంది. తెలుగులో రెండుచోట్లా "మాట్లాడుతున్న" అనే ఒక్క రూపమే సరిపోతుంది; పుస్తకం గురించా, ఆవిడతోనా అన్నది వినేవారు ఊహించుకుంటారు. ఫ్రెంచి ఆ ఊహకు చోటివ్వదు.

భాష పేరు వచ్చినప్పుడు ఏ చిన్న మాటా అక్కరలేదు: "ఇల్ పార్ల్ ఫ్రాఁసె". మనం కూడా "ఫ్రెంచి మాట్లాడతాడు" అనే అంటాం. "ధారాళంగా" అనే అర్థమిచ్చే "కురామాఁ" లాంటి క్రియావిశేషణం మధ్యలో చేరితే "ఇల్ పార్ల్ కురామాఁ ల ఫ్రాఁసె" అని భాష పేరుకు ముందు "ల" చేర్చడం కూడా వాడుకలో ఉంది. "ఆఁ ఫ్రాఁసె" అంటే ఆ సందర్భంలో ఫ్రెంచిలో మాట్లాడుతున్నాడని. ఆ భాష వచ్చు అన్న సంగతి కంటే ఇప్పుడు ఏ భాషలో మాట సాగుతోందన్నది అక్కడ ప్రధానం.

మీ పరీక్షకు సంబంధించి ఒక మాట. బీ-1 మౌఖిక పరీక్ష పరిచయ సంభాషణతో మొదలవుతుంది. అందులో "పార్లే-మ్వా ద వు" అనే తరహా ప్రశ్న సర్వసాధారణం. "మీ గురించి నాతో మాట్లాడండి" అన్న ఆ ఒక్క చిన్న వాక్యంలో పైన చెప్పిన "ఆ", "ద" రెండూ ఉన్నాయి: "మ్వా" అన్నది నాతో, "ద వు" అన్నది మీ గురించి. దాన్ని విన్నప్పుడల్లా ఆ రెండు భాగాలను విడదీసి చూసుకోండి.

జవాబు: గుంటూరు నుంచి ఒక తెలుగు ఉపాధ్యాయుడు

అధ్యాపకులవారి వివరణ చక్కగా ఉంది. నేను తెలుగు చెప్పుకుంటూ, సొంత ఆసక్తితో ఫ్రెంచి చదువుతున్నవాణ్ణి. "మాట్లాడు"ను పార్లేకు, "చెప్పు"ను దీర్‌కు జతకట్టే సూత్రం మొదటి మెట్టుగా మంచిదే గాని, దాన్ని గుడ్డిగా నమ్మితే ఇబ్బంది వస్తుందని చెప్పడానికే ఇది రాస్తున్నాను. మన "మాట్లాడు" కొన్నిచోట్ల పార్లే చేయని పనులు చేస్తుంది.

"అబద్ధాలు మాట్లాడకు" అంటాం, "నిజం మాట్లాడు" అంటాం. ఇక్కడ నిజమూ అబద్ధమూ "మాట్లాడు"కు కర్మలుగా వచ్చాయి. ఫ్రెంచిలో నిజానికి పార్లే కుదరదు. "దీర్ లా వేరితే" అనే అనాలి. అబద్ధమాడటానికి "మాఁతీర్" అని విడిగా క్రియ ఉంది. "బూతులు మాట్లాడుతున్నాడు" అన్నా అంతే, "దీర్ దే గ్రో మో" అవుతుంది. అంటే నోటినుంచి వెలువడిన మాట ఫలానాదని చెప్పేటప్పుడు ఫ్రెంచి వెంటనే దీర్ వైపు మళ్ళుతుంది. తెలుగు మాత్రం "మాట్లాడు"తోనే సర్దుకుంటుంది.

మరో వాడుక మనకు ఎంత సహజమో, ఫ్రెంచికి అంత దూరం. "స్టేషన్‌కి ఆటో మాట్లాడాను", "ఇల్లు అద్దెకు మాట్లాడి వచ్చాను", "మేస్త్రీని మాట్లాడాను" అంటాం. ఇక్కడ "మాట్లాడు" అంటే బేరం కుదుర్చుకోవడం, మాట ఖాయం చేసుకోవడం. పెళ్ళి సంబంధం మాట్లాడటంలోనూ ఉన్నది ఆ అర్థమే. టాక్సీని పార్లే చేయడం ఫ్రెంచిలో సాధ్యం కాదు. అయితే ఆ భావం పార్లే కుటుంబానికి పూర్తిగా పరాయిదీ కాదు. రెండు పక్షాలు కూర్చుని జరిపే సంప్రదింపులను ఫ్రెంచిలో "పుర్‌పార్లే" అంటారు. యుద్ధం ఆపడానికి రెండు దేశాలు జరిపే చర్చలకూ, వ్యాపార ఒప్పందానికి ముందు జరిగే మాటలకూ అదే పదం. మన "మాటలు జరుగుతున్నాయి" అన్న ప్రయోగానికి అది చాలా దగ్గరగా ఉంటుంది.

కలిసేచోట్లు మరీ ముచ్చటగా కలుస్తాయి. "రాజకీయాలు మాట్లాడకండి" అంటాం కదా, "గురించి" లేకుండా. ఫ్రెంచిలో కూడా "పార్లే పొలితీక్" అని "ద" లేకుండానే అంటారు. వ్యాపారం మాట్లాడటానికి "పార్లే ఆఫేర్" అంటారు. ఒక ఫలానా రాజకీయ సంఘటన గురించి అయితే మాత్రం "ద" తిరిగి రావాలి.

ఇంకొకటి, "మాట్లాడుకొను". మన "కొను" చేరగానే పని ఒకరికొకరికి మధ్య జరిగినదవుతుంది. ఫ్రెంచిలో ఆ పని "స" చేస్తుంది: స పార్లే. "అన్నదమ్ములిద్దరూ ఇప్పుడు మాట్లాడుకోవడం లేదు" అన్నదానికి "ఇల్ న స పార్ల్ ప్ల్యు" అంటారు. గొడవపడి మాటలు మానేశారన్న అర్థం, ఆ బాధతో సహా, రెండు భాషల్లోనూ ఒకేలా వస్తుంది. అదే "స పార్లే" భాష విషయంలో వస్తే కర్మణి అర్థం ఇస్తుంది: ఫలానా భాష ఫలానా చోట "స పార్ల్" అంటే అక్కడ ఆ భాషను మాట్లాడతారని. మనం ఇలాంటిచోట "మాట్లాడబడుతుంది" అని రాయడం ఎవరికీ నచ్చదు. ఫ్రెంచివారికీ అటువంటి కర్మణి రూపం కంటే ఈ "స" రూపం హాయిగా ఉంటుంది.

"మాట్లాడించు" అనే ప్రేరణ రూపానికి ఫ్రెంచిలో "ఫేర్ పార్లే" అంటారు. పసిపిల్లవాణ్ణి మాట్లాడించడానికీ ఇదే, నేరస్థుడి చేత నిజం కక్కించడానికీ ఇదే. "ఫేర్ పార్లే ద స్వా" అంటే మాత్రం నలుగురూ తన గురించి చెప్పుకునేలా చేసుకోవడం; అది మంచిపనికైనా కావచ్చు, చెడ్డపనికైనా కావచ్చు.

జవాబు: మాంట్రియల్‌లో ఉంటున్న ఒక తెలుగు పాఠకురాలు

మూడో ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు కాబట్టి అక్కడినుంచి మొదలుపెడతాను. "త్యు పార్ల్!" అన్నది అర్థం గట్టిపడిపోయిన ఉద్గారం. ఎదుటివారు చెప్పినదాన్ని నమ్మనప్పుడు "ఆ, చెప్పొచ్చావులే!" అన్న అర్థంలో అంటారు. వాళ్ళ మాటను గట్టిగా సమర్థించేటప్పుడు "కాక మరి!" అన్న అర్థంలోనూ అంటారు. ఈ రెండింటిలో ఏదన్నది గొంతులో తెలుస్తుంది గాని కాగితం మీద తెలియదు. "ఈసారి సమయానికి వస్తానన్నాడు" అని ఒకరంటే, "త్యు పార్ల్!" అన్న జవాబుకు "వచ్చినట్టే!" అని అర్థం. "చలికి తట్టుకోలేకపోతున్నావా?" అని అడిగితే వచ్చే "త్యు పార్ల్!" మాత్రం "అడగాలా?" అని చెప్పడం. దీని వెనుక "ద" చేర్చి "త్యు పార్ల్ దున్ ఇస్త్వార్!" అంటే "ఇదేం గొడవరా బాబూ!" అనే ధోరణి. స్నేహితుల మధ్య ఇది సహజం. పరీక్షలో గాని, కార్యాలయంలో పెద్దవారితో గాని వాడకండి.

ఇలాంటి గట్టిపడిన ప్రయోగాలు చాలా ఉన్నాయి. వాటిలో తరచుగా వినబడేవి చెబుతాను. "నాఁ పార్లోఁ ప్ల్యు" అంటే "ఇక ఆ మాట వదిలేద్దాం". గొడవ సర్దుకున్నాక అంటారు. "సాఁ పార్లే ద…" అంటే "ఇక ఫలానాదాని సంగతి చెప్పనే అక్కరలేదు" అని ఇంకొకటి జతచేయడం. "త్రువే ఆ కి పార్లే" అన్నదాన్ని అక్షరాలా చూస్తే మాట్లాడటానికి మనిషి దొరికాడని; వాడుకలో మాత్రం తనకు దీటైనవాడు, తన ఆట కట్టించేవాడు ఎదురయ్యాడని. "పార్లే ద్యు నే" అంటే ముక్కుతో మాట్లాడటం, మన వాడుకే. "పార్లే దాఁ సా బార్బ్" అంటే తన గడ్డంలోకి మాట్లాడటం, అంటే ఎవరికీ వినబడకుండా గొణుక్కోవడం. ఫ్రెంచి సరిగా రానివారి గురించి స్పానిష్ ఆవులా ఫ్రెంచి మాట్లాడుతున్నారని అనే పాత నానుడి కూడా ఉంది. ఆవు అని అర్థమిచ్చే "వాష్" అసలు బాస్క్ ప్రజల పేరు మారితే వచ్చిందని కొందరు చెబుతారు గాని అది రుజువైన విషయం కాదు. నేర్చుకునేవారి మీద దాన్ని ప్రయోగించడం నాకు నచ్చదు. పరాయి భాషలో నోరు విప్పడానికే ఎంతో ధైర్యం కావాలి.

ఈ మధ్య ఎక్కువగా వినబడుతున్నది "సా మ పార్ల్". "అది నాతో మాట్లాడుతోంది" అని అక్షరార్థం. ఒక చిత్రమో, పాటో, ఆలోచనో మనసుకు తగిలిందని, తనకు బాగా అందిందని చెప్పడానికి వాడతారు. దీనికి దగ్గరగా "సా న మ ది ర్యాఁ" అని దీర్‌తో మరో ప్రయోగం ఉంది. "నాకు ఆ పేరు ఎక్కడా విన్నట్టు లేదు" అన్నప్పుడూ, "నాకు దాని మీద మనసు పోవడం లేదు" అన్నప్పుడూ అదే అంటారు. రాత్రి బయట భోంచేద్దామా అని అడిగితే ఈ జవాబు వచ్చిందంటే రారని అర్థం.

మీరు ఎప్పుడైనా కెనడా రావాలనుకుంటే ఇంకో సంగతి కూడా తెలిసి ఉండటం మంచిది. కేబెక్‌లో నలుగురూ కూర్చుని కబుర్లు చెప్పుకోవడాన్ని "జాజే" అంటారు. అది ఇక్కడ ఎంతో ఆత్మీయమైన మాట. "ఓఁ వా జాజే" అంటే "కాసేపు మాట్లాడుకుందాం రా" అని. ఫ్రాన్స్‌లో ఆ పదానికి పరోక్షంలో ఒకరి మీద చెవులు కొరుక్కోవడం అనే చెడ్డ అర్థం ఎక్కువగా ఉంది. ప్రశ్న వేసే తీరు కూడా వేరు. పాఠాల్లో "పార్లే-వు ఫ్రాఁసె?" అని నేర్చుకుంటాం. ఇక్కడి మామూలు సంభాషణలో "త్యు పార్ల్-త్యు ఫ్రాఁసె?" అని వినబడుతుంది. చివరి "త్యు" ఇక్కడ "నువ్వు" కాదు, మన "మాట్లాడతావా" చివరనున్న "ఆ" లాంటి ప్రశ్నార్థకం మాత్రమే. అందుకే "ఇల్ పార్ల్-త్యు ఫ్రాఁసె?" అని "అతను" వచ్చినచోట కూడా అదే "త్యు" ఉంటుంది. మొదట్లో ఇది విన్న తెలుగువారందరూ ఒక్క క్షణం ఆగిపోతారు. ప్రశ్నార్థకాన్ని క్రియ చివర అంటించడం మన అలవాటే కాబట్టి ఆ తర్వాత మనకే తొందరగా పట్టుబడుతుంది. పరీక్ష జవాబులో మాత్రం దీన్ని రాయకండి, పుస్తకంలోని రూపమే రాయండి.

విద్యార్థిని నుంచి మరో సందేహం

అందరికీ కృతజ్ఞతలు. "అని" పట్టే చోట దీర్ అన్న సూత్రమూ, "నిజం మాట్లాడు" దగ్గర అది పనిచేయదన్న హెచ్చరికా రెండూ నోట్సులో రాసుకున్నాను. ఇంకో రెండు సంగతులు అడుగుతాను. ఇదే ధ్వనితో పారోల్, పార్లమాఁ లాంటి పదాలు కూడా కనిపిస్తున్నాయి. వాటికీ ఈ క్రియకూ చుట్టరికం ఉందా? రెండోది, వినడానికి ఒకేలా ఉన్న రూపాలను రాసేటప్పుడు ఎలా గుర్తుపట్టాలి? శ్రుతలేఖనంలో ఎక్కువ కష్టం అక్కడే వస్తోంది.

జవాబు: గుంటూరు తెలుగు ఉపాధ్యాయుడు

చుట్టరికం ఉంది, చాలా అందమైన చుట్టరికం. ప్రాచీన లాటిన్‌లో మాట్లాడటానికి "లోక్వి" అనే క్రియ ఉండేది. లాటిన్ నుంచి పుట్టిన భాషలలో అది నిలబడలేదు. గ్రీకు భాషలో "పారబొలే" అంటే ఒకదాని పక్కన ఇంకొకటి పెట్టి పోల్చడం. క్రైస్తవ గ్రంథాల ద్వారా అది లాటిన్‌లోకి వచ్చి, క్రీస్తు చెప్పిన నీతికథలకు పేరైంది. తెలుగు బైబిలులో వాటినే "ఉపమానములు" అన్నారు. ఉపమానమన్నా పోలికే కాబట్టి మన అనువాదకులు మూలార్థాన్ని పట్టుకున్నారు. ఆ పదం క్రమంగా "మాట" అనే సామాన్యార్థానికి దిగి ఫ్రెంచిలో పారోల్ అయింది. దానినుంచి పుట్టిన "పారబొలారే" అనే క్రియ పార్లే అయింది. ఇటాలియన్‌లో అదే "పార్లారే". స్పానిష్ వారు కథలు చెప్పడం అనే అర్థమున్న మరో లాటిన్ క్రియను తీసుకోవడం వల్ల వారి "ఆబ్లార్" వేరుగా ఉంటుంది. అయితే మాటకు వారు వాడే "పలాబ్రా" మాత్రం ఈ పారబొలే సంతానమే. గణితంలో మనం పరావలయం అనే వక్రరేఖకు పాశ్చాత్యులు పెట్టిన పేరు కూడా ఆ గ్రీకు పదమే.

పాత ఫ్రెంచిలో ఈ క్రియకు రెండు ప్రాతిపదికలు ఉండేవి. నేను మాట్లాడతాను అనడానికి "పారోల్" అనేవారు, మేము మాట్లాడతాం అనడానికి "పార్లోఁ" అనేవారు. ఊనిక ఎక్కడ పడుతుందన్నదాన్ని బట్టి పదం పూర్తిగా నిలవడమో, మధ్య అచ్చు రాలిపోవడమో జరిగేది. తర్వాతి కాలంలో చిన్న రూపమే అన్నిచోట్లా స్థిరపడింది. పెద్ద రూపం నామవాచకంలో మిగిలిపోయింది. మన "మాటలాడు"లోంచి మధ్య అచ్చు జారిపోయి "మాట్లాడు" అయినట్టే ఇదీ. మన క్రియలోనూ "మాట" ఉంది, వాళ్ళ క్రియలోనూ "మాట" ఉంది.

పారోల్ వాడుకలు చూస్తే మన "మాట" గుర్తుకు రాక మానదు. "దొనే సా పారోల్" అంటే మాట ఇవ్వడం. "తనీర్ పారోల్" అంటే మాట నిలబెట్టుకోవడం. "మాఁకే ఆ సా పారోల్" అంటే మాట తప్పడం. మాట మీద నిలబడే మనిషిని "ఒమ్ ద పారోల్" అంటారు. సభలో లేచి మాట్లాడటాన్ని "ప్రాఁద్ర్ లా పారోల్" అనీ, ఒకరి మాటకు అడ్డం రావడాన్ని "కూపే లా పారోల్" అనీ, పలకరించడాన్ని "ఆద్రెసే లా పారోల్" అనీ అంటారు. పార్లమాఁకు మొదట్లో ఉన్న అర్థం సంభాషణ, సమావేశం. విప్లవానికి ముందు ఫ్రాన్స్‌లో ఆ పేరుతో ఉన్న సంస్థలు శాసనసభలు కావు, ఉన్నత న్యాయస్థానాలు. పారిస్ పార్లమాఁ వాటిలో అన్నిటికంటే పెద్దది, 1790లో అవి రద్దయ్యాయి. మఠాల్లోనూ చెరసాలల్లోనూ బయటివారు వచ్చి మాట్లాడే గదిని "పార్ల్వార్" అంటారు. ఒక ప్రాంతపు యాసను "ల పార్లే" అని ఈ క్రియనే నామవాచకంగా చేసి చెబుతారు. మొగమాటం లేకుండా ఉన్నదున్నట్టు మాట్లాడే గుణం "ఫ్రాఁ-పార్లే".

జవాబు: విశాఖపట్నం అధ్యాపకుడు

రాత విషయం నేను చెబుతాను. వర్తమానకాలంలో నేను, నువ్వు, అతను, వాళ్ళు అనే నాలుగింటికీ ఉచ్చారణ "పార్ల్" ఒక్కటే. రాతలో మాత్రం నువ్వు రూపానికి చివర ఎస్, వాళ్ళు రూపానికి చివర ఈ-ఎన్-టీ చేరతాయి. వీటిని కర్తను చూసి రాయడమే గాని వేరే మార్గం లేదు. అసలు చిక్కు "పార్లే" అని వినబడే మూడు రూపాలతో వస్తుంది: ఈ-ఆర్‌తో ముగిసే మూలరూపం, ఏటవాలు గీత ఉన్న ఈ అక్షరంతో ముగిసే భూతకాల రూపం, ఈ-జెడ్‌తో ముగిసే మీరు రూపం. ఫ్రాన్స్‌లో బడిపిల్లలకు నేర్పే ఉపాయం ఒకటుంది. ఆ స్థానంలో అమ్మడం అని అర్థమిచ్చే "వాఁద్ర్" అనే క్రియను పెట్టి చూస్తారు, ఎందుకంటే దాని రూపాలు చెవికి వేరువేరుగా వినబడతాయి. "ఇల్ ఫో పార్లే" అన్నచోట "ఇల్ ఫో వాఁద్ర్" కుదురుతుంది కాబట్టి అక్కడ ఈ-ఆర్ రాయాలి. "జే పార్లే" అన్నచోట "జే వాఁద్యు" కుదురుతుంది కాబట్టి గీత ఉన్న అక్షరం రాయాలి. వాక్యానికి అర్థం కుదరకపోయినా పరవాలేదు, చెవికి ఏ రూపం సరిపోయిందన్నదే చూడాలి. అపూర్ణ భూతకాలంలోని "పార్లె"ను మాత్రం నోరు కాస్త ఎక్కువ తెరిచి పలుకుతారు. ఇప్పటి వాడుకలో చాలామంది నోట ఈ తేడా తగ్గిపోతోంది కాబట్టి దాన్ని కాలం చూసి పోల్చుకోవడమే క్షేమం.

ఇంకో మెలిక "స పార్లే" దగ్గర ఉంది. "వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు" అనేందుకు, ఇద్దరూ ఆడవాళ్ళైనా సరే, "ఎల్ స సోఁ పార్లే" అని రాసేటప్పుడు చివర స్త్రీలింగానికి ఈ గాని, బహువచనానికి ఎస్ గాని చేర్చకూడదు. ఒకరు ఇంకొకరితో మాట్లాడారు, అంటే మధ్యలో కనబడని "ఆ" ఉంది. ఆ "స" ప్రత్యక్ష కర్మ కాదు. అదే "ఆమె మాట్లాడిన భాషలు" అన్నచోట భాషలు ప్రత్యక్ష కర్మ, పైగా క్రియకు ముందే వచ్చాయి. కాబట్టి అక్కడ ఆ రెండు అక్షరాలూ చేర్చాలి. "ఆ" ఉందా లేదా అన్న మొదటి ప్రశ్న ఇక్కడ కూడా పనికి వస్తుంది.

ఆజ్ఞార్థకంలో "నువ్వు మాట్లాడు" అనేందుకు "పార్ల్" అని ఎస్ లేకుండా రాస్తారు. వెనుక "ఆఁ" వచ్చినప్పుడు మాత్రం ఆ ఎస్ తిరిగి వచ్చి, "పార్ల్-జాఁ" అని జకారంతో పలుకుతుంది. "ఈ సంగతి మీ నాన్నతో మాట్లాడు" అనడానికి "పార్ల్-జాఁ ఆ తోఁ పేర్" అంటారు. బడిలో చదువుకున్న ఫ్రెంచివారు కూడా రాతలో ఈ ఎస్‌ను మరిచిపోతుంటారు. శ్రుతలేఖనంలో ఆ జకారం వినబడగానే దాన్ని రాసేయండి.